మోకాళ్ళ మీద దుష్యంతుడు

మా అమ్మాయి పారిస్ దగ్గర చదువుకుంటోంది. దాన్ని చూడడానికి వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం నన్ను రోదా మ్యూజియానికి తీసుకెళ్ళింది. మన పుస్తకాల్లో రోడిన్ అని రాస్తారు, ఆ శిల్పే. తోట అంతా తిరిగి లోపలికి వచ్చేసరికి నా కాళ్ళు పీకుతున్నాయి. కూర్చోడానికి చోటు వెతుక్కుంటూ ఒక గదిలోకి వెళ్ళాను. రోదా దగ్గర పనిచేసిన కామీ క్లోదెల్ అనే ఆవిడ శిల్పాలు అక్కడ పెట్టారు. వాటిలో మూడడుగుల ఎత్తున ఒక పాలరాతి జంట ఉంది. కింద 'వెర్తుమ్నుస్, పొమోనా' అని రాసి ఉంది. ఎవరో రోమన్ దేవతలు అనుకుని పక్కకు తిరిగాను.

"అమ్మా, ఆగు. దీని అసలు పేరు శకుంతలట" అంది మా అమ్మాయి, అక్కడున్న వివరం చదువుతూ.

కాళ్ళ నొప్పి మర్చిపోయి వెనక్కి వచ్చాను. ఒక మగాడు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఆమె నడుము చుట్టుకుని, ముఖం పైకెత్తి ఉన్నాడు. ఆమె వెనక దేనికో ఆనుకుని, అక్కడి నుంచి అతని మీదికి వాలిపోతోంది. కళ్ళు మూసుకుని ఉంది. తల అతని తల మీదికి ఒరిగింది. ఒక చెయ్యి తన గుండెల మీద పెట్టుకుంది. రెండో చెయ్యి పట్టు లేకుండా వేలాడుతోంది. ఇద్దరి ఒంటి మీదా బట్టలేదు, నగలేదు. ఉంగరం లేదు, లేడిపిల్ల లేదు, ఆశ్రమం లేదు. శకుంతల అని చెప్పడానికి మనం ఆశించే గుర్తు ఒక్కటీ లేదు.

అయినా అది శకుంతలే. మరొకరు కావడానికి వీల్లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది అదే. ఆ శిల్పానికి తర్వాత తగిలించిన రెండు పేర్లూ దానిలోని ముఖ్యమైన సంగతిని చెరిపేశాయి. దాన్ని మళ్ళీ మొదటి పేరుతో చూడాలి.

ముందు కథ ఫ్రాన్సు ఎలా చేరిందో చెప్పాలి. కాళిదాసు నాటకాన్ని విలియం జోన్స్ 1789లో కలకత్తాలో ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. రెండేళ్ళకు జర్మన్‌లోకి వచ్చింది, జర్మన్ కవి గోథే దాన్ని చదివి పొంగిపోయి పద్యం రాశాడు. పారిస్‌లో సంస్కృతం బోధించిన షెజీ 1830లో నేరుగా సంస్కృతం నుంచి ఫ్రెంచిలోకి తెచ్చాడు. 1858లో పారిస్ ఒపేరాలో శకుంతల బ్యాలే ఆడారు, దానికి కథ అల్లింది కవి తెయోఫిల్ గోతియే. అంటే 1880ల నాటికి చదువుకున్న ఫ్రెంచివాళ్ళకు శకుంతల తెలియని పేరు కాదు. మన దగ్గర కందుకూరి వీరేశలింగం ఈ నాటకాన్ని తెలుగు చేసింది కూడా దాదాపు ఆ కాలంలోనే.

కామీ 1864లో పుట్టింది. 1881లో కుటుంబం పారిస్ వచ్చింది. అక్కడ ప్రభుత్వ కళాశాలలో ఆడపిల్లలను చేర్చుకునేవాళ్ళు కాదు, 1897 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. డబ్బు కట్టి ప్రైవేటు అకాడమీలో నేర్చుకుంది. తర్వాత రోదా వర్క్‌షాపులో సహాయకురాలిగా చేరింది. ఆయన పెద్ద శిల్పాలకు చేతులు, పాదాలు ఆమె చేసేదని చెబుతారు. శకుంతల మొదలుపెట్టేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు.

1886లో ఇంగ్లండులో ఉన్న స్నేహితురాలికి ఆమె రాసిన ఉత్తరం ఒకటి ఉంది. మనిషి కంటే పెద్ద సైజులో రెండు బొమ్మలు చేస్తున్నానని, ఉదయం ఆడ మోడల్, సాయంత్రం మగ మోడల్ వస్తారని, పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా పని చేస్తున్నానని, ఇంటికి వచ్చేసరికి కాళ్ళ మీద నిలబడలేక వెంటనే పడుకుంటున్నానని అందులో ఉంది. ఈ ఉత్తరం గురించి చదివినప్పుడు నాకు మా ఊళ్ళో వరినాట్లు వేసి వచ్చే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. శిల్పం అంటే ముందు ఒంటి కష్టం. తడి మట్టిని ఇనప చట్రం మీద ఎత్తి ఎత్తి పెట్టాలి. అది ఎండి బీటలు వారకుండా తడిగుడ్డలు చుట్టాలి. తర్వాత అచ్చు తీసి ప్లాస్టర్ పోయాలి. ఒక మనిషి ఇంకో మనిషి మీదికి వాలే బొమ్మ అయితే ఆ బరువంతా ఎక్కడ నిలబడుతుందో లెక్క కుదరాలి. ఈ శిల్పంలో ఆ లెక్కే అందం. ఆమె బరువు మోసేది అతను. మోకాళ్ళ మీద ఉన్నవాడే ఆమెకు ఊతం. అతను చేతులు తీసేస్తే ఆమె పడిపోతుంది. ఆమె లేకపోతే అతని చేతుల్లో ఏమీ మిగలదు.

ఆ ప్లాస్టర్ శిల్పాన్ని 1888లో పారిస్ సలోన్ అనే పెద్ద కళాప్రదర్శనలో 'శకుంతల' పేరుతోనే ప్రదర్శించారు. ప్రశంసాపత్రం లాంటి గుర్తింపు దక్కింది. పాలరాతిలో చెక్కించుకోవడానికి ప్రభుత్వం ఆర్డరు ఇవ్వలేదు. 1895లో ఆమె దాన్ని షాతోరూ అనే ఊరి మ్యూజియానికి ఇచ్చింది. ఆ ఊరి పెద్దమనుషులు కొందరు బట్టల్లేని ఆ జంటను చూసి ఎగతాళి చేశారు. ఆ ప్లాస్టర్ ఇప్పటికీ అక్కడే ఉంది. అక్కడికి నేను ఇంకా వెళ్ళలేదు.

పేరు మారింది 1905లో. ఒక దొరసాని ఖర్చు పెట్టుకుని చిన్న సైజులో పాలరాతి ప్రతి చేయించుకుంది. నేను రోదా మ్యూజియంలో చూసింది అదే. ఆ ప్రతికి 'వెర్తుమ్నుస్, పొమోనా' అని పేరు. అదే ఏడాది ఒక వ్యాపారి పోత పోయించి అమ్మిన కంచు ప్రతులకు 'లాబాందాఁ' అని పేరు. ఆ ఫ్రెంచి మాటకు తనను తాను అప్పగించుకోవడం అనీ అర్థమే, వదిలివేయడం అనీ అర్థమే.

ఇప్పుడు ఆ రోమన్ కథ చూడండి. పొమోనా పళ్ళతోటల దేవత, మగవాళ్ళను తోటలోకి రానివ్వదు. ఋతువుల దేవుడు వెర్తుమ్నుస్ ముసలమ్మ వేషంలో లోపలికి వెళ్ళి, ఆమె మనసు కరిగేలా కథలు చెప్పి, చివరికి అసలు రూపం చూపిస్తాడు. ఆమె ఒప్పుకుంటుంది. అంతే కథ. అక్కడ ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు. చేసిన మోసం ఏదైనా ఉంటే ఆ వేషమే. అలాంటప్పుడు ఆ మగాడు మోకాళ్ళ మీద ఎందుకున్నాడు? వలపుతో అనుకోవచ్చు. ఆమె ముఖంలో ఆ అలసట దేనికి? ఆ వేలాడే చెయ్యి దేనికి? పెళ్ళికి ఒప్పుకున్న పిల్ల చెయ్యి అలా ఉండదు. చాలా ఏళ్ళు ఏదో గట్టిగా పట్టుకుని, ఇప్పుడే వదిలేసిన చెయ్యి అది. ఆ ఏళ్ళు పొమోనా కథలో లేవు. శకుంతల కథలోనే ఉన్నాయి.

'లాబాందాఁ' కొంత నయం. అయితే ఆ మాట ఆమెను ఒక్కదాన్నే చూపిస్తుంది. వాలిపోతున్నది ఆమె, లొంగుతున్నది ఆమె. మోకాలు వంచిన మనిషి సంగతి ఆ పేరులో లేదు.

ఇక నేను పెరిగిన శకుంతల గురించి చెప్పాలి. మా నాన్న తెలుగు మాస్టారు. సాయంత్రం స్నానం చేసి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని నన్నయ పద్యాలు రాగం తీసి చదివేవారు. అందులో శకుంతల నిండు సభలో రాజును నిలదీసే పద్యం నాకు బడికి వెళ్ళకముందే నోటికొచ్చు. మంచినీళ్ళతో నిండిన నూతులు నూరింటి కంటే ఒక బావి మేలు, బావులు నూరింటి కంటే ఒక యజ్ఞం మేలు, యజ్ఞాలు నూరింటి కంటే ఒక కొడుకు మేలు, కొడుకులు నూరుగురి కంటే ఒక్క సత్యవాక్యం మేలు అని మెట్టుమెట్టుగా ఎక్కి చెబుతుందామె. మెచ్చుకుంటూనే నిలదీస్తుంది. 'సూనృతవ్రత' అని పిలుస్తుంది, అంటే సత్యమే వ్రతంగా గలవాడా అని. మహాభారతంలో దుష్యంతుడికి శాపం లేదు, మతిమరుపు లేదు. అన్నీ తెలిసే తెలియదన్నాడు. చివరికి ఆకాశవాణి పలికితేగాని ఒప్పుకోలేదు. లోకం ఏమనుకుంటుందోనని అలా అన్నానన్నాడు.

కాళిదాసు ఆ రాజును కాపాడాడు. దుర్వాసుడి శాపం తెచ్చి, ఉంగరం తెచ్చి, చేపను తెచ్చి, తప్పంతా మరుపు మీదికి నెట్టాడు. అందుకే నాకు చిన్నప్పటి నుంచి కాళిదాసు శకుంతల మీద కోపం. ఏడో అంకంలో రాజు కాళ్ళ మీద పడితే ఆమె లేవమంటుంది. నా పూర్వజన్మ పాపమే పండింది, మీ తప్పేముంది అన్నట్టు మాట్లాడుతుంది. ఇంత తేలిగ్గానా అనిపించేది. మన ఇళ్ళలో ఆడపిల్లకు చెప్పే 'సర్దుకుపో' అన్న మాటకు అందమైన సంస్కృతం తొడిగినట్టు ఉండేది.

కోపానికి ఇంట్లో కారణం కూడా ఉంది. మా పెద్దమ్మ భర్త నలుగురిలో మంచి పేరున్న మనిషే. పెళ్ళయిన ఆరేళ్ళకు వేరే ఊళ్ళో ఉద్యోగమని వెళ్ళి, తొమ్మిదేళ్ళు రాలేదు. ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. పెద్దమ్మ రెండు గేదెలు పెట్టుకుని పాలు పోసి కొడుకును చదివించింది. తర్వాత ఒక వేసవిలో ఆయన చిన్న సంచీతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పెద్దమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, విస్తరి వేసి, అన్నం పెట్టింది. అందరూ ఆమె ఓర్పును మెచ్చుకున్నారు. భూదేవి అన్నారు. ఆయన నోట తప్పయిందన్న మాట రాలేదు. రావాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజు నాకు పన్నెండేళ్ళు. వాకిట్లో నిలబడి చూస్తున్నాను. పెద్దమ్మ ముఖంలో ఏముందో ఎవరూ చూడలేదు.

కామీ శిల్పం ముందు నిలబడినప్పుడు నేను చూసింది ఆ ముఖం. క్షమించడం అంటే ఒక మాట అనడం, చిరునవ్వు నవ్వడం అని పుస్తకాలు చెబుతాయి. ఈ శిల్పంలో అది ఒళ్ళంతా కూలిపోవడం. ఇన్నాళ్ళూ నిటారుగా నిలబెట్టిన కోపమే వెన్నెముక అయినప్పుడు, అది పోతే మనిషి నిలబడలేదు. ఆమె అతని మీదికి వంగుతున్నది ప్రేమతోనే కావచ్చు, కానీ ఆ ప్రేమకు చాలా బరువుంది. గుండెల మీది చెయ్యి ఇంకా కాపలా కాస్తూనే ఉంది. అతనికి పూర్తిగా ఇచ్చేయలేదు.

ఇంటికి వచ్చాక ఏడో అంకం మళ్ళీ చదివాను. నేను కోపంతో సరిగా చదవని చోటు ఒకటి కనిపించింది. రాజు ఉంగరం తీసి మళ్ళీ ఆమె వేలికి పెట్టబోతాడు. ఆమె వద్దంటుంది. దీన్ని నమ్మను, మీరే పెట్టుకోండి అంటుంది. చిన్న మాట. అందులోనే అంతా ఉంది. రాజును క్షమించింది, ఉంగరాన్ని క్షమించలేదు. ఇంకెప్పుడూ తన జీవితం ఒక గుర్తు మీద, ఒకరి జ్ఞాపకం మీద ఆధారపడి ఉండకూడదనుకుంది. నన్నయ శకుంతలకూ ఈమెకూ ఉన్న చుట్టరికం అక్కడ కనిపించింది నాకు. కామీ ఈ నాటకాన్ని ఏ అనువాదంలో చదివినా, బాగా చదివింది. గుండెల మీది ఆ చెయ్యి చూస్తే తెలుస్తుంది.

మన చిత్రకారులు ఎంచుకున్న శకుంతల వేరు. రవివర్మ బొమ్మ తెలియని ఇల్లు లేదు. కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టు నటించి వెనక్కి తిరిగి చూసే పిల్ల. లేదంటే తామరాకు మీద ప్రేమలేఖ రాసే పిల్ల. అవి అందమైన బొమ్మలే, మా ఇంట్లో కూడా క్యాలెండరు ఉండేది. అయితే అవన్నీ మొదటి మూడు అంకాల దగ్గరే ఆగిపోతాయి. పిల్లలో ప్రేమ మొదలైన చోటు అందరికీ ఇష్టం. ఆ పిల్ల ఒంటరిగా బిడ్డను పెంచి, ఒంటిజడతో, మాసిన బట్టలతో, నీరసించిన ముఖంతో రాజు ఎదుట నిలబడిన చోటు ఎవరికి కావాలి? ఫ్రాన్సులో ఒక ఇరవై రెండేళ్ళ అమ్మాయికి కావాల్సి వచ్చింది.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. అది కామీ సొంత కథే కదా, రోదాకూ ఆమెకూ మధ్య జరిగిందే కదా అని. నాకు ఈ మాట నచ్చదు, తేదీలు కూడా దానికి ఒప్పుకోవు. రోదాకూ ఆమెకూ ప్రేమ ఉంది, నిజమే. ఆయన ఆమె కంటే 24 ఏళ్ళు పెద్ద, ఇంట్లో ఇంకొక స్త్రీతో కాపురం ఉంది. 1886 అక్టోబరు 12న ఆయన ఆమెకు ఒక ఒప్పందపత్రం రాసిచ్చాడు. ఇంక వేరే శిష్యురాళ్ళను తీసుకోనని, ఇటలీ తీసుకెళ్తానని, ఆ తర్వాత ఆమె తన భార్య అవుతుందని అందులో ఉంది. అవేవీ జరగలేదు. కానీ శకుంతల మట్టిబొమ్మ తయారవుతున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే మాటలు ఇచ్చిన రోజుల్లో, తప్పిన రోజుల్లో కాదు. ఆమెకు ఇంకా జరగని అన్యాయానికి ఆమె ముందే క్షమను చెక్కిందని ఎలా అంటాం? పుస్తకం చదివి, ఒక క్షణాన్ని ఎంచుకుని, దానికి ఒంట్లో ఏం జరుగుతుందో ఆలోచించి చేసిన పని అది. మగ శిల్పి చేస్తే దాన్ని ఊహ అంటాం. ఆడమనిషి చేస్తే డైరీ అంటాం. ఈ అలవాటు మానుకోవాలి.

రోదా 'ముద్దు' శిల్పం పక్కన దీన్ని పెట్టి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. రెండూ ఒక్క దశకంలో రూపు దిద్దుకున్నవే. కామీ తమ్ముడు పోల్ క్లోదెల్, పెద్ద కవి, ఈ రెండింటినీ పోలుస్తూ రాశాడు. రోదా శిల్పంలోని మగాడు భోజనానికి కూర్చున్నట్టు ఆ స్త్రీ దగ్గర కూర్చున్నాడని ఆయన మాట. అక్క శిల్పంలోని మగాడు మోకాళ్ళ మీద ఉన్నాడు, ముఖం పైకెత్తి ఎదురుచూస్తున్నాడు. రోదా కొన్నేళ్ళ తర్వాత తానూ మోకాళ్ళ మీద ఉన్న మగాడిని చేశాడు, 'శాశ్వత విగ్రహం' అని పేరు పెట్టాడు. అందులో స్త్రీ అతన్ని పైనుంచి చూస్తూ ఉంటుంది, అతను చేతులు వెనక్కి పెట్టుకుని ఆమెను ముద్దాడతాడు. అది పూజ. పూజలో తప్పు ఒప్పుకునే పని లేదు.

తమ్ముడి గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1913 మార్చి 2న తండ్రి చనిపోయాడు. ఎనిమిది రోజులకు, మార్చి 10న, కుటుంబం కామీని పిచ్చాసుపత్రిలో చేర్పించింది. ఆమె ఆరోగ్యం అప్పటికే దెబ్బతిన్నది, తన శిల్పాలను తానే పగలగొట్టుకుంది, అందరూ తనకు విషం పెడుతున్నారని భయపడేది. అది నిజమే. అయితే తర్వాత డాక్టర్లు ఇంటికి దగ్గరగా పంపవచ్చని చెప్పినా తల్లి ఒప్పుకోలేదు. ఒక్కసారి కూడా చూడడానికి వెళ్ళలేదు. 1943 అక్టోబరు 19న కామీ పిచ్చాసుపత్రిలోనే చనిపోయింది. ముప్ఫై ఏళ్ళు. శకుంతల గొప్పదనం అంత బాగా అర్థమైన తమ్ముడు, ఆ ముప్ఫై ఏళ్ళలో అప్పుడప్పుడు మాత్రమే వెళ్ళి చూశాడు. ఆమె ఎదుట ఎవరూ మోకాళ్ళ మీద కూర్చోలేదు.

పారిస్ నుంచి రైల్లో గంట దూరంలో నొజాఁ అనే ఊరుంది. ఆమె చిన్నతనంలో కొంతకాలం అక్కడ ఉంది, అక్కడే ఒక శిల్పి ఆమె చేతి పనిని మొదట గుర్తించాడు. 2017లో అక్కడ ఆమె పేరుతో మ్యూజియం తెరిచారు. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు వెళ్ళి కంచు ప్రతి చూశాను. నల్లటి కంచులో ఆమె వీపు మీద వెలుగు జారుతోంది. కింద 'లాబాందాఁ' అనే పేరు. మా అమ్మాయిని ఫోటో తీయమన్నాను. రవివర్మ క్యాలెండరు తగిలించుకునే మన ఇళ్ళలో పిల్లలకు ఈ శకుంతల కూడా తెలియాలని నాకు ఉంది. మన సంస్కృతం, తెలుగు పాఠాల్లో ఏడో అంకం చెప్పేటప్పుడు ఈ ఫోటో ఒక్కటి చూపించవచ్చు. బట్టలు లేవని ఇబ్బంది పడేవాళ్ళు ఉంటారు, నాకు తెలుసు. షాతోరూలో కూడా అలాగే ఇబ్బంది పడ్డారు.

ఇండియా వచ్చిన తర్వాత తెనాలి దగ్గర మా పెద్దమ్మను చూడడానికి వెళ్ళాను. ఇప్పుడు ఎనభై దాటాయి. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఫోన్లో ఫోటో చూపించనా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి చూపించాను. "శకుంతల, పెద్దమ్మా. ఫ్రాన్సులో ఒకావిడ చేసింది. దుష్యంతుడు తప్పు ఒప్పుకుంటున్నాడు" అన్నాను.

కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. బట్టల సంగతి ఎత్తలేదు.

"పిల్లాడేడే?" అంది.

కాళిదాసులో పిల్లాడు పక్కనే ఉంటాడు. ఈయన ఎవరమ్మా అని తల్లిని అడుగుతాడు. నీ అదృష్టాన్ని అడుగు నాయనా అంటుంది శకుంతల. కామీ ఆ పిల్లాణ్ణి తీసేసింది, ఇద్దరినే ఉంచింది. అలా తీసేయడంలోనే ఈ శిల్పం గొప్పదనం ఉందని నేను అన్నాళ్ళూ అనుకుంటున్నాను.

"పిల్లాణ్ణి చెయ్యలేదు పెద్దమ్మా."

"చెయ్యకపోతే ఎట్లా? వాడే కదా అన్నేళ్ళూ అడిగింది" అని ఫోన్ నా చేతికిచ్చి, మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది.